దుర్బిణి లేని రైఫిల్

పోయిన శుక్రవారం మా ఆఫీసు వాళ్లను కంపెనీ బస్సులో వేట సామాన్ల ప్రదర్శనకు తీసుకెళ్లాను. డ్రైవరును కాబట్టి బస్సులోనే కూర్చోవాల్సింది, కానీ రియాద్ ఎండకు తట్టుకోలేక ఏసీ కోసం నేనూ లోపలికి దూరాను. డేగలు, గుడారాలు, కాఫీ కెటిళ్లు చూసుకుంటూ పోతుంటే ఒక దుకాణం ముందు నా కాళ్లు ఆగిపోయాయి. ఒక తండ్రి పదేళ్ల కొడుకును నిలబెట్టి, రైఫిల్‌లో భుజానికి ఆనే చెక్క చివరను వాడి మోచేతి మడతలో పెట్టి, వేలు ట్రిగ్గరు దాకా అందుతుందా అని చూస్తున్నాడు. అందడం లేదు. "వచ్చే ఏడాదికి అందుతుందిలే," అంటున్నాడు తండ్రి. నాకు నోటి చివరి దాకా మాట వచ్చింది, మింగేశాను. ఏడేళ్ల కిందట ఇలాంటి దుకాణంలోనే, అడగని వాళ్లకు సలహా చెప్పి ఒక మనిషి బతకడానికి కారణమయ్యాను. అదే నెలలో, చెప్పాల్సినది తప్పుగా చెప్పి ఆ మనిషి ప్రాణం మీదికి తెచ్చిందీ నేనే. ఈ రెండిట్లో ఏది బరువో నేనింకా తూచుకోలేదు. బస్సులోకి వచ్చి కూర్చున్నాను.

అప్పుడు నేను ఉనైజాలో ఒక ఖర్జూరపు తోట యజమాని దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ని. ఆయనే నా కఫీల్, నా వీసాకు పూచీ ఉన్నవాడు. అక్కడి డ్రైవర్లందరి లాగే నేనూ ఆయన్ను బాబా, అంటే నాన్న, అనేవాణ్ని. నాకంటే నాలుగేళ్లు చిన్నవాణ్ని బాబా అనడానికి మొదట్లో నాలుక తిరగలేదు, తర్వాత జీతం తిప్పింది. ఆయన పెద్ద కూతురిని కేజీ నుంచి బడికి దింపింది నేనే. బండిలో వెనక కూర్చుని నా అరబ్బీని దిద్దుతూ పెరిగింది, నన్ను వాళ్ల భాషలో చిన్నాన్నా అని పిలిచేది. తోటలో నాతో పాటు గదిలో ఉండేవాడు మా జగిత్యాల వైపు మనిషి. చెట్లకు నీళ్లు పెట్టడం, జింకలకు మేత వేయడం ఆయన పని. మాకు ఏ చుట్టరికమూ లేదు, వంట పొయ్యి ఒకటి కావడంతో ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. ఆయన చేసే పచ్చిపులుసు కోసమే నేను రెండుసార్లు వేరే ఉద్యోగం వదులుకున్నానంటే మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నమ్మరు.

తోట చివర కంచె లోపల పదిహేను జింకలు ఉండేవి. ఎడారిలో జింకను కొట్టడం అక్కడ పెద్ద నేరం. ఇవి బాబా తండ్రి కాలం నుంచి కాగితాలతో పెంచుకుంటున్నవి. అందులో ఒక ముసలి మగజింక మిగతా వాటిని పొడిచి చంపుతోందని, దాన్ని తీసేయడానికి బాబా అనుమతి తెచ్చుకున్నాడు. వాళ్ల ఇంట్లో పెద్ద బిడ్డకు పన్నెండేళ్లు రాగానే మొదటి వేట తండ్రి దగ్గరుండి చేయిస్తాడట. ఈసారి పెద్ద బిడ్డ ఆడపిల్ల. బంధువుల్లో ఒకరిద్దరు మూతి విరిచారని, అందుకే ఆయనకు పంతం పెరిగిందని నాకు ఆ పిల్లే చెప్పింది. పంతంతో కొనేది ఏదైనా మనిషి పెద్దదే కొంటాడు. అక్కడే నాకు భయం మొదలైంది.

బాబా, పిల్ల, నేను ముగ్గురం రియాద్ వెళ్లాం. లైసెన్సు ఉన్న దుకాణం, లోపల చల్లగా, నూనె వాసనగా ఉంది. గల్లా దగ్గర తెల్ల గడ్డం ముసలాయన. బాబా నేరుగా గోడ మీది పొడుగాటి రైఫిల్ చూపించాడు. దాని మీద మోచేయంత దుర్బిణి. పెళ్లయ్యేదాకా పనికొస్తుందన్నాడు, మన దగ్గర బడి మొదలైనప్పుడు రెండేళ్లు తొడగాలని లాగు పెద్దది కుట్టించినట్టు. పిల్ల దాన్ని ఎత్తింది. మెడ ముందుకు సాచితే గాని కన్ను దుర్బిణికి అందలేదు. ఎడమ చెయ్యి వణికి గొట్టం నేల చూసింది. అయినా నాన్న ముఖం చూసి, "బాగుంది," అంది. ఆ బాగుంది నాకు తెలుసు. పదేళ్ల వయసులో నేను మా మేనమామతో అచ్చం అలాగే అన్నాను.

మా మేనమామ దగ్గర అడవి పందుల కోసం ఒక నాటు తుపాకీ ఉండేది. అది నాకంటే పొడుగు. భుజానికి సరిగ్గా ఆనకుండానే పేల్చాను. పంది ఎటు పోయిందో తెలియదు గాని నా భుజం ఎముక విరిగి, నెల రోజులు పసుపు కట్టుతో పడుకున్నాను. మా మేనమామ నా మంచం పక్కన కూర్చుని, తుపాకీని పిల్లాడి మోచేతితో కొలవాలి గాని పెద్దాడి ఆశతో కాదని తనను తానే తిట్టుకునేవాడు. ఇదంతా అరబ్బీలో చెప్పేంత విద్య నాకు లేదు. కఫీల్ ముందు, పరాయి మనిషి చూస్తుండగా, డ్రైవరు నోరు తెరవడమంటే పులి నోట్లో తలపెట్టడమే. తెరిచాను. "బాబా, హాదా కబీర్," అన్నాను, ఇది పెద్దదని. బాబా తిరిగి నావైపు ఉరిమి చూశాడు. తర్వాత కదిలింది దుకాణం ముసలాయన. తుపాకీ తీసుకుని చెక్క చివరను పిల్ల మోచేతి మడతలో పెట్టాడు. వేలు ట్రిగ్గరుకు జానెడు దూరంలో ఆగింది. ఆయన నా మాట బలపరచలేదు, కాదనలేదు, లోపలికి పోయి కురచగా, తేలిగ్గా ఉన్న ఇంకొకటి తెచ్చి పెట్టాడు. దుర్బిణి లేదు, గొట్టం చివర గింజంత గురి మాత్రమే. పిల్ల ఎత్తగానే అది ఆమె భుజం మీద కుదురుకుంది. ఈసారి నాన్న ముఖం చూడకుండానే, "ఇది," అంది.

కొన్నాడు. లైసెన్సు ఆయన పేర, పెట్టె తాళం ఆయన జేబులో. పరదేశీలం మేము దాన్ని ముట్టుకోవడానికి కూడా లేదు, నేను ముట్టుకోలేదు కూడా. తిరుగు దారి మూడున్నర గంటలు. పిల్ల వెనక సీట్లో నిద్రపోయింది. నన్ను ఇండియాకు పంపేసే ఎగ్జిట్ కాగితం మీద సంతకం ఎప్పుడు పడుతుందా అని లెక్కపెట్టుకుంటూ బండి నడిపాను.

సంతకం పడలేదు. మూడు వారాలు ఆయన పిల్లను షూటింగ్ క్లబ్బుకు తీసుకెళ్లి అట్టముక్కల మీద గురి నేర్పాడు. తూటా దూరం పోకుండా, జింకలు మేత తినే తొట్టి వెనక జేసీబీతో ఛాతీ ఎత్తు ఇసుక కట్ట పోయించాడు. జాగ్రత్తలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఇంట్లో తుపాకీ ఉన్న సంగతి పనివాళ్లకు తెలియడం ఇష్టం లేక, నాకు మాత్రం చెప్పాడు: శుక్రవారం మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక కూర్చుంటాం, నాలుగింటికల్లా ముగుస్తుంది, అప్పటిదాకా ఆ వైపు ఎవరూ రాకుండా చూడమని. ఆ రోజు పొద్దున టీ తాగుతూ బావకు చెప్పాను.

"బావా, ఇయ్యాల పొద్దుగాలనే మేత ఏసి రా. మల్ల నాలుగు గంటల దాక జింకల దిక్కు పోకు."

"సరే తియ్యి బావా. నాలుగు దాటినంకనే పోత," అన్నాడు. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ని కూడా కాదు. అడ్డమైన గొప్పతనం, బాబా నన్ను ఒక్కణ్నే నమ్మాడని.

మూడుంబావుకు తాటాకు లాంటి ఖర్జూరపు మట్టల పందిరి కింద కూర్చున్నాం. తొట్టికి అరవై గజాలు ఉంటుంది. బాబా చేతిలో బైనాక్యులర్స్. పిల్ల బోర్లా పడుకుని, ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి ఉంది. నేను వాళ్ల వెనక, మోకాళ్ల మీద. గాలి లేదు. మగజింక మిగతా వాటిని కొమ్ములతో తోసి తొట్టి దగ్గరికి వచ్చి, పక్కకు తిరిగి నిలబడింది. అంతకంటే మంచి అదను ఉండదు. పిల్ల వేలు ట్రిగ్గరు మీదికి పోయింది. ఎంతసేపటికీ శబ్దం రాలేదు. "ఇప్పుడు," అన్నాడు బాబా గొంతులోనే. రాలేదు. "అమ్మాయీ, ఇప్పుడు." ఆయన గొంతులో ఆ మూతి విరిచిన బంధువులు వినిపించారు. పిల్ల చెంప చెక్క మీంచి ఎత్తింది. వేలు తీసింది. ట్రిగ్గరు తాళం బొటనవేలితో వెనక్కి లాగిన చిన్న టక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది.

"నాన్నా, అక్కడ ఒక తల ఉంది," అంది.

బాబా బైనాక్యులర్స్‌లో జింక తప్ప ఏమీ లేదు. అవి దించితే అప్పుడు కనిపించింది. ఇసుక కట్ట మీద, జింక వీపుకు జానెడు పైన, తెల్ల తువ్వాల చుట్టిన తల. దాని ముందు చాచిన చెయ్యి, చేతిలో ఫోను. బావ. వెనక వైపు నుంచి కట్ట ఎక్కి, బోర్లా పడుకుని, ఫోను మా వైపు తిప్పి పట్టుకున్నాడు. తోటలో సిగ్నలు సరిగ్గా అందే చోటు లేక మేమంతా నీళ్ల ట్యాంకు ఎక్కి ఇంటికి మాట్లాడుకునేవాళ్లం. ఆ కొత్త ఇసుక కట్ట మీద ఇంకా బాగా అందుతుందని ఆయన వారం కిందటే కనిపెట్టాడట, నాకు చెప్పలేదు. బోర్లా పడుకున్నది మా నుంచి దాక్కోవడానికి కాదు, జింకలు బెదరకుండా ఉండడానికి. వీడియో కాల్‌లో జగిత్యాలలో ఉన్న ఆరేళ్ల కూతురికి జింకను చూపిస్తున్నాడు.

అరిచానో లేదో గుర్తు లేదు. బాబా రైఫిల్ అందుకుని లోపలి తూటా బయటికి తీశాడు. అది ఆయన వేళ్లలోంచి జారి ఇసుకలో పడింది, వెతుక్కోవడానికి మూడుసార్లు వంగాడు. తర్వాత నావైపు తిరిగి, "వాడికి చెప్పావా?" అని అడిగాడు. "చెప్పాను," అన్నాను. నిజమే చెప్పాను. ఆ మాటకు బావ నెత్తిన పడేది ఎగ్జిట్ అని తెలిసీ, అప్పటికి నా తల కాపాడుకున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

కంచె చుట్టూ పరుగెత్తి కట్ట దగ్గరికి పోయాను. ఆయన నవ్వుతూ దిగుతున్నాడు. చొక్కా పట్టుకుని గుంజాను.

"నీకు నాలుగు దాక రాకు అన్ననా లేదా?"

"అన్నవ్. నాలుగు కాదు, ఇంకో రెండు గంటలు ఎక్కువనే ఆగిన గద బావా," అని చెయ్యి చాపి గడియారం చూపించాడు. "సూడు, ఆరైతుంది."

ఆరు. నా ఫోనులో మూడూ ముప్పై ఐదు. చొక్కా వదిలేశాను. బావ తోటకు వచ్చిన ఎనిమిదేళ్లలో గడియారం ఎన్నడూ మార్చలేదు. విమానం దిగినప్పటి ఇండియా టైమే దాంట్లో నడుస్తోంది. తోటపనికి ఆయనకు గడియారంతో అవసరం లేదు. నమాజు పిలుపులే లెక్క, ఈ బాంగు నుంచి ఆ బాంగు దాకా ఈ వరుస చెట్లకు నీళ్లు, అంతే. మేమంతా ఆయనకు పని బాంగుల్లోనే చెప్పేవాళ్లం. గడియారం చూసేది ఒక్కందుకే: ఇంటి దగ్గర పిల్ల బడి నుంచి వచ్చిందా, భార్య వంట ముగించిందా, ఇప్పుడు ఫోన్ చేయొచ్చా. ఆ రోజు వేట అసర్ బాంగుకూ పొద్దుగూకే మగ్రిబ్ బాంగుకూ నడుమ పడడంతో, బాంగుల్లో చెప్పడం కుదరక, జీవితంలో మొదటిసారి ఆయనకు గంటల్లో చెప్పాను. రోజూ అదే గదిలో, అదే పొయ్యి దగ్గర, ఆ గడియారం చూస్తూనే ఉన్నవాణ్ని, నాకు తట్టలేదు.

పొద్దు గూకే ముందు బాబా వరండాలో ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్లి నిలబడ్డాను. వచ్చీరాని అరబ్బీలో మొత్తం చెప్పాను, గడియారం సంగతి, తప్పు నాదే అన్న సంగతి. పంపించేస్తే నన్ను పంపించమన్నాను. "నేను ఎంచుకున్నది కొనుంటే," అన్నాడు ఆయన, "ఆ దుర్బిణిలో పిల్లకు జింక భుజం తప్ప ఏమీ కనిపించేది కాదు." గ్లాసులో కాఫీ నాకు పోసి ఇచ్చాడు. తన చేత్తో పోయడం అదే మొదలు, అదే ఆఖరు. మమ్మల్ని ఎవరినీ పంపలేదు. మగజింకను ఇంకో తోటవాళ్లకు ఇచ్చేశాడు. పిల్ల ఆ తర్వాత వేటకు కూర్చుందో లేదో నేనడగలేదు. బడికి పోయేటప్పుడు మాత్రం ఒకసారి, "ఆయన కూతురికి జింక కనిపించిందా?" అని అడిగింది. కనిపించిందని చెప్పాను.

బావకు ఆ సాయంత్రమే అంతా చెప్పాను. తుపాకీ అనగానే అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "అంటే బిడ్డ సూస్తుండంగనే," అన్నాడు, అంతే. గడియారం ఇప్పుడైనా మార్చమన్నాను. తల అడ్డంగా ఊపాడు. "గిది మార్చినంక ఆల్లు ఏం చేస్తున్నరో నాకెట్ల తెలుస్తది బావా?"

బావ ఊరికి వెళ్లిపోయి మూడేళ్లయింది. ఆ కూతురు ఇప్పుడు ఏడో తరగతి. అప్పుడప్పుడు తండ్రి ఫోను లాక్కుని నాతో మాట్లాడుతుంది. ఆమెకు ఆ రోజు జింక గుర్తుంది, ఇంకేమీ తెలియదు. మాట మధ్యలో, "మామా, మీకిప్పుడు టైమెంత?" అని అడుగుతుంది. పిల్లలు ఊరికే అడిగే మాట. నేను చెప్పడానికి నోరు తెరుస్తాను. అక్కడి పొద్దుకూ ఇక్కడి పొద్దుకూ నడుమ ఉన్న ఆ రెండున్నర గంటల్లో ఆమెకు తండ్రి లేకుండా పోయేవాడన్నది నాకు అడ్డు వస్తుంది, టైము చెప్పడం ఆలస్యమవుతుంది.