దొడ్డప్ప అక్షరాలు

బాగేపల్లి ఆదినారాయణప్పకు చిన్న అక్షరమంటే గిట్టదు. ఊరంతా కంప్యూటర్లు వచ్చినా, కాలితో తొక్కే తన అచ్చుయంత్రం మీద ఆయన ఏది వేసినా ఒకే అక్షరం: లావు పొట్ట, సన్నని నడుము, కొసల్లో చెప్పులు తొడిగినట్టు పాదాలు. దానికి 'దొడ్డప్ప' అని పేరు పెట్టుకున్నాడు. దొడ్డప్ప అంటే కన్నడంలో పెదనాన్న; ఆయనలాగే అది కూర్చుంటే పక్కవాళ్లకు చోటుండదు.

ఒకసారి ఆ ఊరి చిన్నప్ప తన మేక తప్పిపోయిందని కరపత్రం వేయించాడు. 'మేక తప్పిపోయినది' అన్న రెండు మాటలకే కాగితం నిండింది.

"గుర్తులు యాడప్పా? నల్లమచ్చ, ఇరిగిన కొమ్ము?"

"మేక అని కనిపిస్తాండాది కదా! చూసినోడు తోలుకొస్తాడు."

తోలుకొచ్చారు. సాయంత్రానికి చిన్నప్ప వాకిట్లో ఏడు మేకలు. అతనిది మాత్రం మర్నాడు తనంతట తానే వచ్చింది.

రక్షిత అక్షరాలు నేర్చుకున్నది ఆ ప్రెస్సు గోడ మీది కాగితాల్లోనే. తల్లి లేని పిల్ల. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మేనత్త సుజాతమ్మ, బడికి తీసుకెళ్తూ ఆ గోడ దగ్గర ఆపి ఒక్కో అక్షరం చదివించేది. సిరా, కిరసనాయిలు కలిసిన ఆ వాసన రక్షితకు ఇప్పటికీ ఇష్టం. ఒకరోజు గోడ మీద ఎవరిదో చావు కబురు కనిపించింది.

"బతికినన్నాళ్లూ గొంతు పెంచని మనిషి, పోయినాక ఎట్ల అరుస్తాండాడో చూడే!" అని సుజాతమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు రక్షిత పెళ్లి కుదిరింది. తాతల నాటినుంచీ వాళ్లింటి కార్డులన్నీ అక్కడే. నాన్న నందీశ్ రాసిన జాబితాలో, 'మీ రాక కోరేవారు' కింద ముప్పై పేర్లున్నాయి. సుజాతమ్మ పేరు లేదు.

"విధవరాలి పేరు శుభమా అంటారే మగపెళ్లోళ్లు," అన్నాడు నందీశ్.

"అత్త పేరు లేని కార్డు నేను పంచను," అంది రక్షిత.

నందీశ్ ప్రెస్సుకు వెళ్లి గొంతు తగ్గించాడు. "మా అక్క పేరు అడుగున చిన్నక్షరాల్లో వెయ్యప్పా. కనీ కనపడకుండా."

"చిన్నక్షరాలు నాతావ యాడుండాయి? ఎప్పుడో కరిగించేస్తిని. వేస్తే దొడ్డప్పలోనే!"

ఇటు కూతురు, అటు దొడ్డప్ప. నందీశ్ తలూపాడు. ముప్పైయొక్క పేర్లతో కార్డు విప్పితే తువ్వాలంత అయింది.

కార్డులు తెచ్చుకోవడానికి రక్షితే వెళ్లింది. ఆదినారాయణప్ప పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. కట్ట కట్టడానికి దారం కోసం ఆమె ఒక సొరుగు లాగింది. నిండా చిన్న అచ్చక్షరాలు! ఒక్కదానికీ దుమ్ము పట్టలేదు. నూనె గుడ్డతో తుడిచి, వరసగా పేర్చి ఉన్నాయి.

"కరిగించేస్తిని అంటివే, తాతా?"

ఆయన గబగబా వచ్చి సొరుగు మూసేశాడు. "నలభై ఏండ్లుగా జనం అడిగేది ఒకటేమ్మా. ఆ పేరు చిన్నగా వెయ్యి, ఈ పేరు చిన్నగా వెయ్యి అని. ఉండాయంటే వెయ్యాల కదా? మీ నాయనకు చెప్పొద్దు."

రక్షితకు ఆ ముసలాయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి కార్డు విప్పి పట్టుకుంది. పొయ్యి దగ్గర రాగిముద్ద కెలుకుతున్న సుజాతమ్మ, అద్దాలు లేకుండానే తన పేరు చదివింది. తెడ్డు ఆగిపోయింది.

"అయ్యో! నేను బతికుండంగానే అరుస్తాండానే!"

ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. వీధి వాకిట్లో కూర్చున్న నందీశ్‌కు కూడా ఆ నవ్వు వినిపించింది.