ఒక్కడే చదివిన పదకొండో భాగం

సోమలింగం పుట్టి బుద్ధెరిగాక అబద్ధాలాడింది తక్కువ. నలభై ఆరేళ్లు నిండాక, పొట్టకూటికి వచ్చిన ఈ జోల్వా ఊళ్లో, ఒక పుస్తకం కోసం ఆడాడు.

అది ఏడు సముద్రాలు, మాట్లాడే కోటలు ఉన్న పెద్ద కథ. ఒక్కో భాగం అచ్చు కాగానే సిరిసిల్ల నుంచి అక్క కరుణ పార్సిల్ వేసేది. ఆదివారం వాళ్లు నడిపే సాంచలకు, అంటే మరమగ్గాలకు, సెలవు. ఆ రోజు సోమలింగం పైకి చదివేవాడు, అదే గదిలో ఉండే అక్క మొగుడు రాజమల్లు వినేవాడు. రాజమల్లుకు చదువు రాదు. సాంచల మోతకు చెవులు కూడా సగం పోయాయి. అందుకే ఎదురుగా కూర్చుని పెదవులు చూస్తూ వినేవాడు. ఎవరూ ముందుగా పుట తిప్పకూడదని ఇద్దరి ఒప్పందం.

పదో భాగం చివర పడవ నడిపే మేఘావళి అగ్నిసముద్రంలో పడిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లు పుస్తకమే లేదు.

"సచ్చింది బావా," అనేవాడు సోమలింగం.

"సావదు. రెండో భాగంల ఇసుకల తెడ్డు పాతిపెట్టింది గదా? దానికోసమన్న వస్తది," అనేవాడు రాజమల్లు.

బుధవారం పదకొండో భాగం వచ్చింది. రాజమల్లు దాన్ని కళ్లకద్దుకుని అటక మీద పెట్టాడు. గురువారం పొద్దున సోమలింగం కడుపు పట్టుకుని మూలిగాడు. పాపం, రాజమల్లు జావ కాచిపెట్టి ఒక్కడే పనికి వెళ్లాడు. ఆ జావ తాగుతూ మహానుభావుడు పుస్తకం మొత్తం నమిలేశాడు. మేఘావళి వచ్చింది! తొమ్మిది భాగాలు ఇసుకలో పడి ఉన్న ఆ తెడ్డే కోట తలుపు తెరిచింది. సోమలింగం ఏడ్చాడు, నవ్వాడు, గదిలో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత జావ గిన్నె కడుగుతుంటే సిగ్గేసింది.

శుక్రవారం సాంచల దగ్గర తెగిన పోగు ముడివేస్తూ, సంతోషం ఆగక, "బతికే ఉంది, తెడ్డుతోనే వచ్చింది" అని గొణుక్కున్నాడు. ఆ మోతలో వినేదెవరని ధైర్యం. సాంచల దగ్గర ఎవరూ చెవులతో వినరన్న సంగతి మరిచాడు.

ఆదివారం గొంతు వణికించి, ఏమీ తెలియనట్టు చదివాడు. రాజమల్లు ఎప్పటిలాగే ఎదురుగా కూర్చున్నాడు. తెడ్డు పుట వచ్చింది. సోమలింగం అబ్బురపడ్డట్టు ఆగి తలెత్తాడు. రాజమల్లు ఎగిరి గంతేయలేదు, "నేను చెప్పలే?" అనలేదు. మెల్లగా తల ఊపాడు.

"ఏంది బావా, సంబురం గాలేదా?"

"శుక్రారమే అయింది. నీ మూతి చూసిన."

సోమలింగం చేతిలోని పుస్తకం ఒళ్లో పడింది. తల వంచుకున్నాడు.

"తప్పయింది బావా. కాళ్లు మొక్కుత."

"కడుపునొప్పి అబద్ధమైతే కానీ. ముందుగాల చదివితే చదివినవ్. నాలుగేండ్లు ఇద్దరం ఎదురుజూస్తిమి," అన్నాడు రాజమల్లు. "అది ఒచ్చిన్నాడు ఒక్కనివే నవ్వుకున్నవ్ గదరా."

రాజమల్లు పుస్తకం తీసి, తలకిందులుగా ఉందేమోనని చూసుకుని, మళ్లీ సోమలింగం చేతుల్లో పెట్టాడు.

"సదువు. జర మొదటి నుంచి."