కరివేపాకు కోసుకురమ్మంటే

మా అమ్మాయి కారు కనబడక మూడు వారాలైంది. అద్దెలు మండిపోతున్నాయని తనుంటున్న ఇల్లు ఖాళీ చేసి, ఈ పరాయి దేశంలో టూంగాబీ అనే పేటలో ఉన్న మా ఇంటికే వచ్చేసిందని సంతోషించాను గానీ, కారేదమ్మా అంటే సర్వీసుకిచ్చానంది. మూడు వారాల సర్వీసేమిటండీ, అదేమైనా రథమా! అప్పు మీద కొన్న కారది, అమ్మేసిందో, వాయిదాలు కట్టలేదని పట్టుకుపోయారో తెలియదు. ఫోను మోగితే చూసి కట్టేస్తుంది, పొద్దున్నే రైలుకి పరుగెడుతుంది. తల్లికి సంగతి తెలుసు, నాకు చెప్పదు.

మన ఈడు వాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది, పిల్లల ముందు డబ్బు మాట ఎత్తడమే తప్పు మన ఇళ్ళల్లో. తెనాలిలో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా ఉన్న మా నాన్నగారు చొక్కా కొక్కేనికి తగిలించి గొంతు తగ్గించారంటే చాలు, పక్కింటి పిన్నిగారి పెరట్లో కరివేపాకు కోసుకురమ్మని అమ్మ నన్ను పంపేసేది. పాయసం కాచిన రోజు కూడా పంపింది మహాతల్లి! ఒకసారి అలా వెళ్ళొచ్చిన మర్నాడు అమ్మ చేతులకి మట్టిగాజులే ఉన్నాయి, బంగారువి లేవు. నేనడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఆ వారమే నా కాలేజీ ఫీజు కట్టారు.

అలా పెరిగినవాణ్ణి ఇక్కడికొచ్చి, చదువుకుంటూ హోటల్లో గిన్నెలు తోముకునే రోజుల్లో, షాపింగ్ సెంటర్లో ఎవరో నవ్వుతూ క్రెడిట్ కార్డు ఇస్తే, బ్యాంకువాళ్ళు నన్ను గౌరవించారనుకుని పొంగిపోయాను. కట్టమన్న కనీసపు మొత్తం నెలనెలా కడుతూ అప్పు తీరుతోందనే అనుకున్నాను, తీరుతున్నది వడ్డీయేనని తెలిసేసరికి ఏళ్ళు గడిచాయి. ఫోనులో నాన్నగారు ఎలా ఉన్నావురా అంటే బాగున్నానండీ అనేవాణ్ణి. ఇంకొక్క మాట అడిగుంటే ఏడ్చేసేవాణ్ణి.

ఇక్కడ పుట్టిన పిల్లకి ఆ గతి పట్టకూడదని ట్యూషన్లు, డాన్సు, పియానో, ఏ లోటూ రానివ్వలేదు. మా జీతమెంతో, ఇంటి అప్పెంతో మాత్రం దాని చెవిన పడనివ్వలేదు. మేమిద్దరం ఆ లెక్కలు మాట్లాడుకోవాల్సి వస్తే, పెరట్లో కుండీలో ఉన్న కరివేపాకు కోసుకురమ్మనేవాళ్ళం. చలికి ఆకంతా రాలి ఆ మొక్క మోడైపోయిన రోజుల్లోనూ పంపాం. పాపం, వెళ్ళేది.

నిన్న సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు మాట ఆపేశారు. అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమైందమ్మా అన్నాను. ముఖం అటు తిప్పుకుని, "నథింగ్ డాడ్... కెన్ యూ గెట్ సమ్ కరివేపాకు?" అంది.

పొయ్యి మీద ఉడుకుతున్నది పాస్తా. పెరట్లోకి వెళ్ళాను.

ఆ రోజుల్లో కష్టం పెద్దవాళ్ళు దాచుకుని పిల్లల్ని బయటికి పంపేవారు, ఇప్పుడు పిల్ల దాచుకుని నన్ను పంపింది. నాన్నగారిని ఆదుకోవడానికి అమ్మ గాజులుండేవి, దీనికి ఏముందో తండ్రినై ఉండీ నాకు తెలియదు. రెమ్మ చేతిలో పట్టుకుని ఆ కుండీ దగ్గరే నిలబడ్డాను. లోపలికి వెళ్ళి అడగాలనే ఉంది, ఎలా అడగాలో మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.