ఎదురింటి మామ ఫోన్ నంబరు

ఎదురింటి మామ పోయిన సంగతి నాకు తిరువళ్లూరులో, ఉద్యోగాల ఏజెన్సీ ఆఫీసులో కూర్చుని ఉండగా తెలిసింది. ఇంటర్వ్యూ ఫలితం చెబుతారని పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నాను. పక్క కుర్చీలో మామ ఉండాల్సింది. ఒంట్లో బాగోలేదని ఆవేళ రాలేదు. మా అన్న ఫోన్ చేసి, "మామ ఇంక లేడమ్మా, వచ్చెయ్" అన్నాడు. నేను లేస్తుంటే రిసెప్షన్ అమ్మాయి, ఇప్పుడు వెళితే నా వరస పోతుందని హెచ్చరించింది.

తిరుత్తణిలో మా వీధి పిల్లలు ఏ ఏజెన్సీకి వెళ్లినా మామ నంబరే ఇచ్చేవాళ్లు. అది నాతోనే మొదలైంది. డిప్లొమా అయిన కొత్తలో నా నంబరు ఒక ఏజెన్సీకి ఇచ్చాను. అది ఎన్ని చేతులు మారిందో, ముక్కూ మొహం తెలియని మగవాళ్లు ఫోన్ చేసి పెళ్లయిందా అని అడగడం మొదలుపెట్టారు. మామ టౌన్ బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. "నా నంబరు ఇయ్యమ్మా. పెండ్లయిందా అని నన్ను అడగమను" అన్నాడు. నన్ను చూసి వీధంతా అదే పని చేసింది.

ఫోన్ వస్తే ఆయన అడిగేవి ఎప్పుడూ అవే. యాడ పని? జీతం ఇచ్చేది కంపెనీనా, కాంట్రాక్టరా? బస్సు వస్తాదా? తిన్నగా జవాబిచ్చేవాళ్లు తక్కువ. చెబుతాం అనడానికి "సొల్రోమ్ సార్" అని అరవంలో అనేసి పెట్టేసేవాళ్లు. "సొల్రోమ్ అంటే, లేదని చెప్పేదానికి నోరు రాలేదని" అనేవాడు మామ. అయినా చెప్పులేసుకుని, ఎవరికోసం ఫోన్ వచ్చిందో వాళ్లింటికి వెళ్లి చెప్పి వచ్చేవాడు.

ఒకసారి నాకు గుమ్మిడిపూండిలో క్వాలిటీ చెకింగ్ పని అన్నారు. తీరా వెళితే ఇంకెవరో కాంట్రాక్టరు కింద ప్యాకింగ్‌లో నిలబెట్టారు. ఏడుపు దిగమింగుకుని తిరిగొచ్చాను. మర్నాడు మామ నన్ను వెంటబెట్టుకుని ఏజెన్సీకి వెళ్లి, ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పాప క్వాలిటీకని పోయింది. నడిమధ్యలో ఎవురు మార్చినారు?"

"పంపేదే మా పని సార్. తర్వాత కంపెనీ చూసుకుంటాది."

"టికెట్ కొట్టినాక ఆ ఊళ్లోనే దించల్ల గదమ్మా."

గొంతు పెంచలేదు. సాయంత్రం షట్టరు దించేదాకా కదలనూ లేదు. ఆ పోరు పడలేకే వాళ్లు నన్ను మళ్లీ క్వాలిటీ పనికి, ఈసారి నేరుగా కంపెనీ జీతానికి, ఇంటర్వ్యూకి పంపారు. మామ నాకు ఉద్యోగం ఇప్పించలేకపోయాడు. కానీ నా కోసం అంతసేపు కూర్చున్న మనిషి ఇంకొకరు లేరు.

మామ పోయాక అత్త ఆ ఫోన్ ఆపలేదు. ఫోటో ముందు, దీపం పక్కన చార్జింగ్‌లో పెట్టింది. "పిల్లోళ్లకు వచ్చే పిలుపులు ఆగిపోతాయి గదా" అంది. కర్మ రోజు అందరూ భోజనాల దగ్గర ఉండగా అది మోగింది. నేనే ఎత్తాను. ఏజెన్సీ అమ్మాయి. సార్ ఉన్నారా అంది. పోయారని చెప్పి, ఆయన ఎవరి గురించి అడుగుతూ వచ్చారో ఆ అమ్మాయిని నేనేనని, నా ఫలితం ఏమైందని అడిగాను.

"సరే మేడం, సొల్రోమ్" అని పెట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది.

"ఏమంట?" అంది అత్త.

"చెప్తారంట."

ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ దీపం పక్కన చార్జింగ్‌లో పెట్టింది.