నలభై ఒక్క సెకన్లు

దసరా నాడు మా పూజ పీట మీద స్క్రూడ్రైవర్, బండి తాళం పక్కన పాత కంప్యూటర్ హార్డ్ డిస్కు కూడా ఉంటుంది. ఆ కంప్యూటర్ చచ్చి ఏళ్లయింది, అమ్మ మాత్రం డిస్కుకు బొట్టు పెట్టడం మానలేదు. మొన్న పండక్కి శామీర్‌పేట నుంచి వచ్చిన అన్న దాన్ని చూసి, నా భార్యాపిల్లల ముందే మొదలుపెట్టాడు.

"నా కార్ల రేసు రికార్డు గందుల్నే ఉన్నది. వీడు జిందగీల ఒక్కసారి గూడ నన్ను గెలువలే."

నాకు ఒళ్లు మండింది. ఆ రికార్డు నాది. చిన్నప్పటి నుంచీ వీడిది ఇదే వరస, నోరున్నవాడిదే రాజ్యం. ఆ కంప్యూటర్ ఆట మళ్లీ నడిపించి, అందరి ముందూ వాడి నోరు మూయిస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

గుండ్లపోచంపల్లిలో మా ఇంట్లో కూర్చుని మూడు ఆదివారాలు దానికే తగలేశాను. కొత్త కంప్యూటర్ ఆ డిస్కును గుర్తుపట్టదు. తిప్పి చూస్తే, పిన్నుల సందుల్లో ఏళ్ల నాటి కుంకుమ గట్టిపడి ఉంది. అమ్మ మీద అరిచాను.

"పనిజేసిన వస్తువుకు బొట్టు పెట్టొద్దారా?" అంది అమ్మ, నా కోపాన్ని లెక్కచేయకుండా.

పళ్ల బ్రష్‌తో గీకాను. పాత కంప్యూటర్‌లా నటించే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఆట తెరుచుకుంది. అందులో నిలిచేది ఒక్కటే రికార్డు. నలభై ఒక్క సెకన్లు, పక్కన అన్న పేరు.

సిగ్గుపడాల్సింది పోయి ఇంకా రగిలిపోయాను. కాపీ కూడా తీసుకోకుండా అదే డిస్కు మీద రేసు మొదలుపెట్టాను. కొత్త యంత్రం వేగానికి కారు పిచ్చికుక్కలా ఉరికింది. గోడలకు గుద్దుకుంటూనే ముప్పై ఎనిమిది సెకన్లలో గీత దాటింది. ఆట పేరు అడిగింది. నా పేరు కొట్టాను. వాడిది చెరిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. అన్న క్యాబులో తుర్కపల్లి ల్యాబుకు పోతున్నాడు.

"ఆట నడిచింది. రికార్డు నాదే. ముప్పై ఎనిమిది."

కొట్లాటకు కాలు దువ్వుతూ ఉన్నాను.

"అట్లనా? నాకైతే నలభై ఒకటి యాదికున్నది. సరె తియ్, నువ్వే గెలిసినవ్. గిన్నేండ్లు నేనే తప్పు మాట్లాడిన. అందరి ముందట జెప్త."

అన్నట్టే ఆదివారం వచ్చి, నా భార్యాపిల్లల ముందు ఓటమి ఒప్పుకున్నాడు. నా కొడుకు చప్పట్లు కొట్టాడు. అన్న మీద నాకు అంత కోపం ఎన్నడూ రాలేదు.