వంటింటి గడపలో పడవ చెక్క

రేపల్లెలో కట్టుకున్న ఇంట్లోకి పని పూర్తికాకుండానే దిగాం. ముహూర్తం పెట్టించాక గోడలు ఆరలేదని ఆగుతామా? ముందు గదికి సున్నం ఒక్క పూతే పడింది. వంటింటికి ద్వారబంధం నిలబెట్టాం గాని తలుపు లేదు, కింద గడప లేదు. గడప లేని గదిలో పొయ్యి పెట్టకూడదని అమ్మ పట్టు. పెరట్లో తాటాకు పంచ కిందే నా భార్య రెండు నెలలు వండింది. జల్లు కొడితే పొయ్యి ఆరిపోయేది.

"కొత్తింట్లో వంటిల్లు కూడా ఉందని ఊళ్లో అందరూ అంటున్నారు. నాకే కనపడట్లేదు," అనేది.

ఇది డెబ్బైల మొదట్లో సంగతి. మాది సముద్రం మీద బతికిన కుటుంబం. నేను వేట మానేసి ఎండు చేపలు తెనాలికీ బాపట్లకీ తీసుకెళ్లి అమ్ముకునేవాణ్ణి. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఈ రాసేదంతా నలభై దాటాక నేర్చుకున్న చదువు.

నాన్న పడవ పాతబడితే విప్పేసి చెక్కలు పెరట్లో పేర్చాం. తలుపుకి కొత్త కలప ఎందుకు, ఇవి ఉన్నాయి కదా అనుకున్నాను. నాన్నని అడిగితే "వాడుకో" అన్నాడు. అంగలకుదురు నుంచి ఒక వడ్రంగిని తెచ్చాను. రైతుల ఇళ్లకి పనిచేసే మనిషి, పడవ ఎక్కి ఎరగడు. అతనికి పని అప్పజెప్పి నేను సరుకుతో బాపట్ల పోయాను. తిరిగొచ్చేసరికి తలుపు బిగించి ఉంది, గడప కూర్చుని ఉంది. నున్నగా చిత్రిక పట్టాడు.

"చూడు బాబాయ్, ఆ కుప్పలో ఇంత గట్టి చెక్క ఇంకోటి లేదు. నీ మనవళ్లు తొక్కినా అరగదు," అన్నాడు.

నేనూ మెచ్చుకున్నాను. బుద్ధి తక్కువ. అమ్మ వచ్చి వంగి చూసింది. గడప మధ్యలో వరసగా నాలుగు మేకు గుంటలు. వేలితో తడిమి వెనక్కి జరిగింది.

"ఒరే, ఇది అణియం చెక్క రా! రాగిరేకు కొట్టిన గుంటలు ఇవి."

అణియం అంటే పడవ ముందు భాగం, రాగిరేకు కొట్టేది దానికే. వేటకి పోయేముందు దానికే కొబ్బరికాయ కొడతాం. మా ఇళ్లలో ఆడవాళ్లు పడవ ఎక్కరు, అణియం దాటరు. చేపలు దించుకోవాలన్నా మోకాటి లోతు నీళ్లలో నిలబడి గంప అందుకోవలసిందే. అలాంటి చెక్క తెచ్చి, ఇంటి ఆడది రోజుకి వందసార్లు దాటే చోట వేయించాను.

"ఆడకాలు దాన్ని దాటడానికి వీల్లేదు," అని అమ్మ తేల్చేసింది.

"మరి వంట ఎవరు చేస్తారత్తయ్యా, మీ అబ్బాయా?" అంది నా భార్య.

"వాడు వండితే వాడే తినాలి."

"తీసేసి ఇంకోటి వేస్తానండి, అదెంత పని," అన్నాడు వడ్రంగి. కాపురం మొదలుపెట్టిన ఇంట్లో గడప పీకితే అరిష్టమని మళ్లీ అమ్మే అడ్డుపడింది. ఉంచితే తప్పు, తీస్తే తప్పు. విప్పేసిన పడవ ఇంకా పడవేనా? అయితే అదే కుప్పలోంచి చేసిన తలుపు మాటేంటి? అడిగితే "తలుపు వేరు" అంది. ఎలా వేరో ఆవిడకీ తెలియదనుకుంటాను.

పురోహితుణ్ణి అడిగాను. "గడప లక్ష్మి. చెక్క ఎక్కడిదని శాస్త్రం అడగదు," అన్నాడాయన. ఆ మాట మోసుకొస్తే, "ఆయనెప్పుడైనా సముద్రం మీదకి పోయాడా?" అంది అమ్మ. బాపట్లలో మేనత్తని అడిగాను. మూడు రోజులు ఉప్పునీళ్లు పోస్తే పడవతనం పోతుందంది. ఉప్పునీళ్లకి పడవతనం పోతుందా, పెరుగుతుందా? ఎవరి మాట విన్నా నిజమే అనిపించేది, ఇంటికొచ్చేసరికి ఒక్కటీ నిలబడేది కాదు.

ఆ రోజుల్లో లోపల సామాను తీసేదీ పెట్టేదీ నేనే. నా భార్య ఇవతల నిలబడి, "ఆ డబ్బా కాదయ్యా, పక్కది. అది కాదు, దాని పక్కది," అంటూ అరిచేది.

ఒక శుక్రవారం పొద్దున వాన పడి పొయ్యి మూడుసార్లు ఆరింది. ఆవిడ తడిసిన చీరతోనే ముందు గదిలోకి వచ్చి, వల అల్లుకుంటున్న నాన్న ఎదుట నిలబడింది.

"మావయ్యా, పడవ మీది. అది పడవే అంటే చెప్పండి, ఇప్పుడే మా పుట్టింటికి పోతాను. గడపంటే చెప్పండి, పొయ్యి లోపల పెట్టుకుంటాను."

నాన్న వల ఒళ్లోకి దించాడు.

"నాకూ తెలవట్లేదమ్మా," అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను అంతకుముందు వినలేదు. "అణియానికి పసుపు మగాడు పెడతాడు. గడపకి ఇంటి ఆడది పెడుతుంది. నేనయితే దానికి ఇంక పెట్టను."

అంతే, మళ్లీ వల అందుకున్నాడు. సరే అన్నాడా, కూడదన్నాడా? నాకు అంతుబట్టలేదు. నా భార్యకి అంతుబట్టిందో, అంతుబట్టినట్టు నటించిందో గాని తిన్నగా వెళ్లి పసుపు కలుపుకొచ్చింది. గుంటలు పూడేలా గడపంతా రాసింది, కుంకం పెట్టింది, కుడికాలు లోపల పెట్టింది. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

నాన్న ఆ తరవాత వంటింట్లోకి ఎప్పుడూ రాలేదు. ఎందుకని అడిగితే, "అది మీ ఆవిడది," అన్నాడు. కోపంతో అన్నాడో, అప్పజెప్పి అన్నాడో ఈనాటికీ నాకు తెలియదు.

అమ్మ నెల రోజులు పెరట్లోనే కూర్చుని కూరలు తరిగి, గిన్నెలు గడప మీదుగా అందించేది. ఒకరోజు పప్పు మాడిన వాసన వచ్చింది. "ముక్కుల్లేవా మీకు!" అని అరుస్తూ వచ్చి, గడప దాటి, కొంగుతో గిన్నె పట్టుకుని దించింది. ఎక్కడ నిలబడిందో ఆవిడకి తెలిసినట్టు లేదు. నేనూ నా భార్యా చూశాం. ఇద్దరం నోరెత్తలేదు.