రుచి చూస్తే తిన్నట్టా?

కరోనా సద్దుమణిగిన ఏడాది నన్ను నాంపల్లిలోని ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగానికి సీనియర్ డైటీషియన్‌గా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగ్. కిడ్నీలు పనిచేయని వాళ్లకు ఏం తినకూడదో చెప్పడమే అక్కడ నా పని. మెదక్ మిషన్ కాంపౌండులో పెరిగి, సండే స్కూల్లో పాఠాలు చెప్పిన నోరు నాది, ఊరుకుంటుందా? యంత్రానికి కట్టేసినట్టు గంటల తరబడి పడుకునే రోగులకు మంచాల మధ్య నిలబడి క్లాసు పీకేదాన్ని.

ఆ రోజు పాఠం ఆక్సిడేటివ్ స్ట్రెస్. ఒంట్లో నిత్యం కొన్ని దుందుడుకు అణువులు పుడుతుంటాయి. వాటిని అణిచే యాంటీఆక్సిడెంట్లూ ఉంటాయి. కిడ్నీ జబ్బులో ఆ తూకం తప్పి రక్తనాళాలూ గుండే దెబ్బతింటాయి. ఇనుముకు తుప్పు పట్టినట్టు అనుకోండి అన్నాను. దానిమ్మలాంటి పళ్లలో ఆ తుప్పును అడ్డుకునే గుణం ఉందనీ చెప్పాను. అయితే వాటిలో పొటాషియం కూడా ఉంటుంది, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది పెరిగితే గుండె ఆగిపోవచ్చు, కాబట్టి మీకు మాత్రం వద్దన్నది పాఠంలో రెండో సగం. అది మొదలయ్యేసరికి మల్లేశం అనే రోగి గురక పెడుతున్నాడు.

మల్లేశానికి మొజంజాహీ మార్కెట్లో తాతలనాటి పళ్ల కొట్టుంది. ఆ పాఠం తర్వాత ప్రతి పరీక్షలోనూ ఆయన పొటాషియం పెరుగుతూనే వచ్చింది. పళ్ల మధ్య కూర్చుంటే నోరు కట్టుకోలేరు, ఇంకోసారి ఇలాగే వస్తే కొట్టు మూసి ఇంట్లో కూర్చోవాల్సిందేనని డాక్టరుగారు తేల్చేశారు. మల్లేశం మొహం మాడిపోయింది. ఆయన భార్య పుష్పమ్మ నా మీదికొచ్చింది.

"మీరు జెప్పినట్లే కూరగాయలు సన్నగ కోసి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారవోసి వండుతున్న మేడమ్. ఇంకేం జెయ్యాలె? కొట్టు మూస్తే ఈయన బతుకుతడా?" అని ఏడ్చేసింది.

పళ్లు తింటున్నారా అని మల్లేశాన్ని నిలదీశాను. అమ్మతోడు, ఒక్క పండూ తినలేదన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. నాకు బుర్ర తిరిగిపోయింది.

మర్నాడు డ్యూటీకి వస్తూ అబిడ్స్‌లో బస్సు దిగి, మార్కెట్ మీదుగా నడిచాను. ఆయన కొట్టు ముందు దానిమ్మ పెట్టెలతో ఆటో ఆగి ఉంది. పెట్టెకో పండు కోసి రుచి చూస్తేగానీ సరుకు దించుకోకపోవడం అక్కడి పద్ధతి. మల్లేశం కోశాడు, గింజలు నోట్లో వేసుకుని నమిలాడు, మింగాడు. ఇంకో పెట్టె విప్పాడు. మళ్లీ గుటుక్కు!

"ఉమ్మండి!" అని కేక పెట్టాను.

మల్లేశం ఉమ్మాడు. బేరమాడుతూ పక్కన ఒక ద్రాక్షపండు బుగ్గన పెట్టుకున్న పెద్దమనిషి కూడా ఉమ్మేశాడు.

"నేను తినలే మేడమ్, రుచి జూసిన, గంతే" అన్నాడు మల్లేశం అమాయకంగా. "ఇంతకుముందు ఉమ్మేటోణ్ణే. తుప్పు ఆగుతదని మీరే జెప్పిన్రు గద? మందును ఎందుకు పారెయ్యాలె అని మింగుతున్న."

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఆయన నిద్రలో పోగొట్టుకున్న సగం పాఠాన్ని ఆ పెట్టెల మధ్యే నిలబడి చెప్పాను. అప్పుడే టిఫిన్ తెచ్చిన పుష్పమ్మ అంతా విని ఆయన చేతిలోని కత్తి లాక్కుంది. "నువ్ జర జరుగు. ఇగ నేనే జూస్త" అంది.

తర్వాతి రిపోర్టులో పొటాషియం దిగింది, కొట్టు నిలిచింది. నాకెంత సంతోషమేసిందో! మల్లేశం మాత్రం కొత్త ఫిర్యాదుతో వచ్చాడు. పుష్పమ్మకు ఒక పట్టాన ఏ పండూ నచ్చదట, సగం పెట్టెలు వాపస్ పంపుతుందట. బేరం ఎలా ఉందని అడిగితే, "బేరం మంచిగనే పెరిగింది మేడమ్, గదే నాకు కోపం" అన్నాడు.

అప్పట్నుంచి నా క్లాసులో వద్దన్నవి ముందు, తుప్పు సంగతి తర్వాత. ఏం తిన్నారని ఏ రోగినీ అడగలేదు. నోట్లో ఏం పెట్టుకున్నారు, అందులో ఏం మింగారు అని అడిగేదాన్ని. విసుక్కునేవాళ్లు, కానీ జవాబు సరిగ్గా చెప్పేవాళ్లు.